మెక్సికో చాక్లెట్టు, మన చెనక్కాయ

(అనంతపురం జిల్లాలోని ఒక గ్రామంలో జరిగిన రైతుల సభలో సేద్యశాస్త్ర ఉపన్యాసకులొకరు చేసిన ప్రసంగం)

 

వేరుశనగ పెరికిన తరువాత తీసుకోవలసిన జాగ్రత్తలను గురించి చెప్పవలసిందిగా నన్ను పిలిచారు. తప్పక చెబుతాను. కాని నేను కొంచెం చుట్టుదారిన వస్తాను. మెక్సికో దేశం మీదుగా పోయి, అక్కడి కాఫీని, చాక్లెట్టును పలకరించి, తిరిగి మన చెనక్కాయ దగ్గరకు వస్తాను. కాస్త ఓపిక పట్టండి.

ఈ చుట్టుదారి పట్టడానికి కారణమున్నది. 2024వ సంవత్సరంలో కోకో గింజల ధర మునుపెన్నడూ లేనంతగా పెరిగింది. పశ్చిమ ఆఫ్రికాలో ఐవరీకోస్టు, ఘానా అనే రెండు దేశాలున్నవి. ప్రపంచపు కోకోలో పెద్ద భాగం అక్కడినుంచే రావాలి. అక్కడ పంట దెబ్బతిన్నది. ఆ ఏడు డిసెంబరులో న్యూయార్కు మార్కెట్టులో టన్ను ధర 12,000 డాలర్లు దాటింది. ఈ సంగతి పేపర్లో చూచి, మా ఊరినుంచి నాకు వరుసకు చిన్నాయన అయ్యే రైతు ఒకరు కాలేజీకి వెతుక్కుంటూ వచ్చారు.

"ఏమప్పా, ఈ కోకో అనే చెట్టు మన చేన్లలో వస్తుందా, రాదా? ముందు అది చెప్పు," అన్నారు కూర్చోకుండానే.

ఎవరో మొక్కలు అమ్మేవాడు ఊరికి వచ్చి, ఇంకొక బోరు వేయించి నాలుగెకరాలా కోకో పెడితే మూడో ఏటినుంచి డబ్బే డబ్బని చెప్పిపోయినాడట. చిన్నాయనకు ఉన్నదే నాలుగెకరాలు. బోరుకు డబ్బు ఎక్కడిదంటే చిన్నమ్మ మెడలోనిది కుదువ పెడతానన్నారు. నేను వద్దన్నాను. ఆయనకు కోపం వచ్చింది. "నువ్వు ఆ చెట్టు పుట్టిన దేశం పోయి వచ్చినోడివి. ఆడ చాక్లెట్టు తాగినానని, కాఫీ తాగినానని ఊరంతా చెప్పినావు. ఇప్పుడు మేము పెడతామంటే వద్దంటావా?" అన్నారు.

ఆయన అన్నది నిజమే. 2022లో నేను మెక్సికో వెళ్ళి వచ్చాను. చూచి వచ్చాను గనుకనే వద్దన్నాను. అక్కడ ఏమి చూచానో మీకూ చెబుతాను.

మెక్సికో నగరానికి దగ్గరలో తెస్కోకో అనే చోట అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధనా కేంద్రమున్నది. 1966లో స్థాపించారు. పొట్టి గోధుమ రకాలను తీర్చిన బోర్లాగ్ గారు పనిచేసిన చోటు అదే. ఆ 1966లోనే మన దేశం మెక్సికో నుంచి 18,000 టన్నుల గోధుమ విత్తనం తెప్పించుకున్నది. పంజాబు పొలాల రూపం మార్చిన విత్తనమది. నేను అక్కడికి వెళ్ళింది మెట్టసేద్యంలో తేమను నిలుపుకునే పద్ధతులలో కొద్దివారాల శిక్షణ కోసం. ఆ పాఠాలను గురించి వేరొకనాడు చెప్పుకుందాం.

మొదటి రోజు క్యాంటీనులో ఇచ్చిన కాఫీ నాకు రుచించలేదు. గేటు బయట ఒకామె పొద్దున్నే మట్టికుండతో కూర్చునేది. కుండలో నీళ్ళు కాగుతూ ఉంటవి. అందులో దాల్చినచెక్క ముక్క, ఒక బెల్లం అచ్చు వేస్తుంది. అది అచ్చంగా మన చెరకు బెల్లమే. కూచిగా శంకువు ఆకారంలో పోస్తారు, అంతే తేడా. బెల్లం కరిగిన తరువాత బరకగా దంచిన కాఫీపొడి వేసి, కుండ దించి, మూతపెట్టి, పొడి అడుగుకు దిగేదాకా ఆగుతుంది. పాలు లేవు. దాన్ని అక్కడివారు 'కుండ కాఫీ' అంటారు. మట్టిముంతలో పోసి ఇచ్చింది. త్రాగితే మొదట బెల్లం, తరువాత దాల్చిన, చివరకు కాఫీ చేదు నాలుకకు తగిలినవి. మనం పాలు, చక్కెర, చికోరి కలిపి త్రాగేదాన్ని కాఫీ అంటున్నాము గదా. మన చట్టం ప్రకారం కాఫీ చికోరి మిశ్రమంలో నూటికి 49 పాళ్ళదాకా చికోరి ఉండవచ్చును. అంటే మన ఊరి హోటల్లో త్రాగే కప్పులో సగానికి సగం ఒక వేరును వేయించిన పొడి. తప్పని అనడం లేదు. నాకూ ఆ రుచే అలవాటు. కాని ఏమి త్రాగుతున్నామో తెలిసి త్రాగడం మంచిది.

శిక్షణలో నాతోపాటు ఉన్న ఒక మెక్సికో యువకుడిది వహాకా అనే పట్టణం. సెలవులు రాగానే తన ఇంటికి పిలుచుకుపోయినాడు. మెక్సికో నగరం నుంచి బస్సులో ఆరేడు గంటల ప్రయాణం. కిటికీలోనుంచి చూస్తూ ఉంటే నాకు అనుమానం వచ్చింది, కొంపదీసి పెనుకొండ దారిలో పోతున్నానా అని. అవే రాతిగుట్టలు, అవే ఎండు వంకలు. గట్లమీద నాగజెముడు, కిత్తనార. ఆశ్చర్యపడవలసిందేమీ లేదు, ఆ మొక్కలు మనకు వచ్చింది ఆ ఖండం నుంచే. అంతెందుకు, మన మిరపకాయ, మొక్కజొన్న పుట్టిల్లు కూడా ఆ దేశమే.

వహాకా పట్టణం మెక్సికోలో చాక్లెట్టుకు పేరెన్నికగన్నది. సంత ప్రక్కన ఒక వీధిలోకి తిరగగానే వాసన ముఖానికి కొట్టింది. వీధి పొడవునా పిండిమరలవంటి మరలు. మన పిండిమర దగ్గర ఆడవాళ్ళు జొన్నల గంపలతో నిలబడినట్లే అక్కడ కోకో గింజలతో నిలబడి ఉన్నారు. గింజలు వేయించి ఉంటవి. ఎవరికి కావలసిన పాళ్ళు వారు చెబుతారు. కిలో కోకోకు ఇంత చక్కెర, ఇంత దాల్చిన, ఇన్ని బాదంపప్పులు అని. ఒక్కొక్క ఇంటి పాళ్ళు ఒక్కొక్కటి. అత్తగారి లెక్క కోడలికి వస్తుంది. మరలో పోస్తే పొడి రాదు, ముద్ద వస్తుంది. కోకో గింజలో సగం దాకా కొవ్వే గనుక మర వేడికి కరిగి, గోధుమరంగు చమురుముద్దగా కారుతుంది. దాన్ని గిన్నెకెత్తుకుని ఇంటికిపోయి బిళ్ళలు చేసి ఆరబెట్టుకుంటారు. మనమెరిగిన కాగితం చుట్టిన తీపి చాక్లెట్టు ఐరోపావారి సంగతి. 1828లో హాలెండులో ఆ గింజనుంచి కొవ్వును పిండే యంత్రం వచ్చింది. ఆ తరువాతనే ఆ రకపు బిళ్ళలు పుట్టినవి. ఇక్కడివారికి చాక్లెట్టంటే ప్రధానంగా త్రాగేది.

నేను రైతుబిడ్డను గదా, అడిగాను, "ఈ చెట్టు తోటలు ఎక్కడున్నవి? ఒకసారి చూపించు" అని. మిత్రుడు నవ్వినాడు. "ఇక్కడెక్కడివి? ఈ నేలమీద ఆ చెట్టు బ్రతకదు. గింజ తబాస్కో నుంచి, చియాపాస్ నుంచి వస్తుంది" అన్నాడు.

ఆ మాట విని నేను కాసేపు అక్కడే ఆగిపోయాను. చాక్లెట్టుకు పేరుమోసిన ఊరు, ఊళ్ళో ఒక్క కోకో చెట్టు లేదు. తబాస్కో వానలు దండిగా కురిసే పల్లపు ప్రాంతం. వహాకా లోయ మెట్టప్రాంతం. చెట్టు అక్కడ, పొయ్యి ఇక్కడ. వేయించే చెయ్యి, నూరే రాయి, ఇంటింటి పాళ్ళు ఈ ఊరివి. అందుకే పేరూ ఈ ఊరిదే.

మిత్రుని అవ్వగారికి మర అంటే గిట్టదు. ఆమె ఇప్పటికీ రాతిమీదే నూరుతుంది. మూడుకాళ్ళ ఏటవాలు రాయి, దానిమీద రెండు చేతులతో తోసే పొత్రం. మన సన్నికల్లే అనుకోండి. రాతి క్రింద నిప్పుకణికలు పెట్టింది. రాయి వెచ్చబడితే కొవ్వు కరిగి గింజ తొందరగా మెదుగుతుంది. మట్టిపెనం మీద గింజలు వేయించడం, పొట్టు తీయడం, నూరడం, అంతా కలిసి పూట పట్టింది. తరువాత ఆ ముద్దను వేడినీళ్ళలో వేసి, చెక్కకవ్వాన్ని రెండు అరచేతుల మధ్య గిరగిర తిప్పి నురగ తెప్పించింది. నురగ లేకపోతే చాక్లెట్టు కాదట. నవంబరు మొదటి రెండు రోజుల్లో అక్కడ చనిపోయిన పెద్దలను తలచుకునే పండుగ. ఇంటిలో బల్లమీద పెద్దల పటాలు పెట్టి రొట్టె, చాక్లెట్టు నివేదిస్తారు. మనం పెద్దల అమావాస్యనాడు వారికిష్టమైనవి వండి పెడతాము గదా, అటువంటిదే.

చలి ఉదయాలలో అదే చాక్లెట్టును మొక్కజొన్న పిండితో జావగా కాచి త్రాగుతారు. ఎండ పూటలకు ఇంకొకటి ఉన్నది. దాని పేరు తెహాతె. మొక్కజొన్నలను బూడిదనీళ్ళలో ఉడికించి, వేయించిన కోకోతో, ఒక అడవిపండు గింజతో, సువాసన గల ఒక పూవుతో కలిపి మెత్తగా రుబ్బుతారు. పెద్ద మట్టితొట్టెలో చల్లని నీళ్ళు పోస్తూ చేత్తో కలుపుతారు. పైన తెల్లని నురగ మందంగా తేలుతుంది. సొరకాయ చిప్పలో పోసి ఇస్తారు. పూర్వం పొలంలో పనిచేసేవారికి ఇది మధ్యాహ్నపు ఆహారం. త్రాగగానే మా అమ్మ పోసే రాగి అంబలి గుర్తుకు వచ్చింది. మన అంబలిని హోటల్లో అడగడానికి సిగ్గుపడే కాలం ఒకటి వచ్చిపోయింది. వారు తెహాతెను పట్టణం నడిబొడ్డున, సంతలో, అందరూ చూస్తుండగా అమ్ముతారు.

ఆ సంతలోనే మన చెనక్కాయ కనిపించింది. మిరపకాయలు, వెల్లుల్లి వేసి వేయించిన పప్పులు, గంపలకొద్దీ. ఒక పిడికెడు నోట్లో వేసుకున్నాను. కడప, అనంతపురం ఇళ్ళలో చేసే ఊరిబిండి ముద్ద నూరకముందు ఎట్లా ఉంటుందో అట్లా ఉన్నది. దీనిని మీ భాషలో ఏమంటారని అడిగాను. కకావాతె అన్నారు. అది ఆ దేశపు పాతభాషలోని మాటనుంచి వచ్చిందట. ఆ భాషలో 'త్లాల్' అంటే నేల. 'కకావత్ల్' అంటే కోకో గింజ. రెండూ కలిపితే నేలకోకో.

సోదరులారా, ఈ పేరు గమనించండి. చెనక్కాయ వారి దేశంలో పుట్టినది కాదు. దక్షిణ అమెరికానుంచి వారికి వచ్చిన పంట. వచ్చినదాన్ని చూచి, తమకు అన్నిటికన్న విలువైన గింజ పేరు దీనికి పెట్టుకున్నారు. ఆ కాలంలో కోకో గింజ వారికి నాణెం. 1545లో త్లాస్కాలా అనే ఊరిలో వ్రాసిన ధరల పట్టీ ఒకటి నేటికీ నిలిచి ఉన్నది. టర్కీకోడి పెట్ట ఒకటి బాగా నిండిన గింజలైతే 100, తాలుగింజలైతే 120. అప్పుడే కోసిన అవకాడో పండు 3 గింజలు. మొక్కజొన్న పిండితో ఆకులో చుట్టి ఉడికించే కుడుము ఒకటి ఒక గింజ. నిండుగింజకు ఒక లెక్క, తాలుగింజకు ఒక లెక్క అని దాదాపు ఐదువందల ఏండ్ల క్రిందటనే వ్రాసుకున్నారు. మన మార్కెట్టు యార్డులో ఏరిన కాయకు, ఏరని కాయకు ఒకే ధర పడినప్పుడు నాకు ఆ పట్టీ గుర్తుకు వస్తుంది.

అవ్వగారు నన్ను అడిగింది, "మీ ఊళ్ళో నేలకోకో పండుతుందా?" అని. "మా జిల్లా పంటే అది. ఒకప్పుడు ఏడు లక్షల హెక్టార్లకు పైగా వేసేవాళ్ళం" అని గొప్పగా చెప్పాను. "అయితే మీ ఊళ్ళో ఎట్లా వేయిస్తారు? ఎవరి వేపుడుకు పేరు?" అన్నది. వేయించము, కాయలు బస్తాలకెత్తి అమ్మేస్తామన్నాను. మిత్రుడు తర్జుమా చేసినాడు. ఆమెకు బోధపడలేదు. మళ్ళీ అదే ప్రశ్న వేసింది. అతడు మళ్ళీ అదే చెప్పినాడు. ఆమె ఇంకేమీ అడగకుండా నా చిప్పలో మరి కొంచెం చాక్లెట్టు పోసింది.

కాఫీ కొండలను కూడా ఒక పూట చూచాను. వహాకాకు దక్షిణంగా సముద్రం వైపు దిగే కొండల్లో, పెద్దచెట్ల నీడన కాఫీ ఉంటుంది. చిన్నకమతాలే. 1989లో కాఫీ ఎగుమతుల మీద దేశాలు చేసుకున్న ఒప్పందం విరిగి ధర కుప్పకూలినప్పుడు ఆ రైతులు చాలా కష్టపడ్డారు. 2012 తరువాత త్రుప్పు తెగులు వచ్చి తోటలకు తోటలు ఆకు రాల్చినవి. చెనక్కాయ ఆకు మీద త్రుప్పు మనమెరిగినదే, అది వేరు, ఇది వేరు, అయినా చుట్టరికమున్నది. అదే రాష్ట్రంలో తూర్పు కొండల రైతులు 1983లో ఒక సహకార సంఘం పెట్టుకుని, దళారి లేకుండా కాఫీని ఐరోపాకు పంపడం మొదలుపెట్టారు. న్యాయమైన ధర ముద్రతో 1988లో హాలెండులో అమ్మిన మొదటి కాఫీ వారిదే. నేను ఆ సంఘందాకా పోలేకపోయాను. బస్సు అటు పోదు.

తిరిగి వచ్చిన తరువాత సిగ్గుపడవలసిన సంగతి ఒకటి తెలిసివచ్చింది. మెక్సికో కాఫీ చూచి వచ్చినవాడిని మన అరకు కాఫీ ఎన్నడూ చూడలేదు. గోదావరి కోకో తోట ఎన్నడూ చూడలేదు. ఆ ఏడు సంక్రాంతి సెలవుల్లో రెండూ తిరిగాను.

అరకు లోయ మూడువేల అడుగుల ఎత్తు. వాన మనకు రెండింతలకు పైగా పడుతుంది. గిరిజన రైతులు ఎకరా, రెండెకరాల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ పెట్టి, ఆ చెట్లకే మిరియాల తీగలు ఎక్కించారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, తరువాత రైతుల సొంత సహకార సంఘం, పండు కొనుగోలులో పోటీ తెచ్చినవి. 2017లో అరకు పేరుతోనే పారిస్‌లో కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎర్రగా పండిన పండునే ఏరి కోయడం, అదే రోజు తోలు తీయడం, నేలకు తగలకుండా మంచెలమీద ఆరబెట్టడం, ఈ మూడు పనులు నేర్చిన తరువాతనే ధర మారిందని అక్కడి రైతులు చెప్పారు. కష్టం లేదని కాదు. 2025లో ఆ ప్రాంతంలో కాయతొలిచే పురుగు కనిపించి కాయలను కోసి మరిగే నీళ్ళలో ముంచవలసి వచ్చింది. ఇంకొక సంగతి. నేను దిగిన కాఫీ రైతు ఇంట్లో నాకు ఇచ్చినది టీ. కాఫీ వేయించుకునే అలవాటు ఆ ఇంట్లో లేదు. నవ్వబోయి, అవ్వగారి ప్రశ్న గుర్తుకు వచ్చి ఊరుకున్నాను.

గోదావరి జిల్లాల్లో కొబ్బరి, ఆయిల్‌పాం తోటల నీడన కోకో ఉన్నది. దేశంలో కోకో ఎక్కువగా పండించే రాష్ట్రం మనదే. కాయ పగులగొట్టి, తెల్లని గుజ్జుతోసహా గింజలను చెక్కపెట్టెల్లో ఐదారు రోజులు పులియబెడతారు. మధ్యలో తిరగవేస్తారు. లోపల చెయ్యి పెట్టలేనంత వేడి పుడుతుంది. ఆ పులుపు చాలకపోతే తరువాత ఎంత వేయించినా చాక్లెట్టు వాసన సరిగా రాదు. ఆ మీదట ఎండబెట్టాలి. ఇంత చేసినా 2025లో కొనేవారు వెనుకంజ వేస్తే, ఏలూరు ప్రాంతపు కోకో రైతులు రోడ్డెక్కవలసి వచ్చింది. ప్రపంచ ధర కూడా ఆ ఏడాదిలోనే దిగజారి, చివరకు పాత శిఖరంలో సగానికి అటూ ఇటూగా నిలిచింది.

ఇప్పుడు చిన్నాయన నాలుగెకరాల లెక్కకు వద్దాము. భూగోళంలో గీత చూస్తే కోకో మన అక్షాంశంలో పండుతుంది. మొక్కలమ్మేవాడు చూపించిన పటం అదే. అది అబద్ధం కాదు, అందుకే ప్రమాదం. కోకోకు ఏడాది పొడవునా తేమ కావాలి, నీడ కావాలి, వేడిగాలి తగలకూడదు. మన జిల్లాలో ఏడాదికి పడేది 550 మిల్లీమీటర్ల వాన. ఏప్రిల్, మే నెలల్లో వీచే గాలి ఎట్లాంటిదో మీకు చెప్పనక్కరలేదు. పెరిగిన చెట్టుకు డ్రిప్పుతో పెట్టినా వేసవిలో రోజుకు 20 లీటర్ల దాకా కావాలి. ఎకరాకు 200 చెట్లనుకుంటే నాలుగెకరాలకు రోజుకు 16,000 లీటర్లు. పైన నీడనిచ్చే చెట్ల నీళ్ళు వేరే. "చిన్నాయనా, మే నెలలో నీ బోరు ఎంతసేపు పోస్తుంది?" అని అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి మా ఇంటి కథ కూడా కారణం. నా చిన్నతనంలో మా నాయన చీనీ చెట్లు పెట్టారు. ఆరేండ్లు కాపాడారు. కాపు పట్టే సమయానికి బోరు ఎండింది. ఇంకొకటి వేశారు, మరొకటి వేశారు. ట్యాంకరుతో నీళ్ళు తోలారు. చివరకు చెట్లు నరికి కట్టెలకు అమ్మినప్పుడు వచ్చిన డబ్బు ఒక బోరు ఖర్చుకు కూడా చాలలేదు. నరికేటప్పుడు మా నాయన చేనికి రాలేదు. నన్ను పంపారు.

కాబట్టి చెట్టు మాట వదిలి పొయ్యి మాట పట్టుకుందాం. ఇక్కడినుంచి మీరు నన్ను పిలిచిన పని.

వేయించి అమ్మదలచినా, కాయగానే అమ్మదలచినా, మొదటి శత్రువు బూజు. చేను చివరి దశలో బెట్టకు వచ్చి, కాయ చిట్లినప్పుడు పచ్చని బూజు లోపలికి పోతుంది. అది పుట్టించే విషం పేరు అఫ్లటాక్సిన్. కాలేయానికి చేటు. వేయించినంత మాత్రాన అది పూర్తిగా పోదు. విదేశాలకు పోయిన సరుకు తిరిగి వచ్చేది ఎక్కువగా దీనివల్లనే. పెరికినప్పుడు కాయలో నూటికి 35 నుంచి 40 పాళ్ళు తేమ ఉంటుంది. మొక్కలను కాయలు పైకి వచ్చేటట్లు తలక్రిందులుగా వరుసల్లో పరచండి, గాలి ఆడుతుంది. కుప్ప వేసేముందు బాగా ఆరనివ్వండి. కాయ విదిలిస్తే లోపల గింజ గలగలమనాలి. గింజను వేళ్ళమధ్య నలిపితే పొర రాలాలి. అప్పటికి తేమ 8 పాళ్ళకు దిగినట్లు లెక్క. బస్తాలను గోడకు ఆనించకుండా, చెక్కలమీద నిలపండి.

ఒక అలవాటు మానాలి. ఒలిచేముందు పప్పు విరగకుండా ఉండాలని కాయలమీద నీళ్ళు చల్లుతారు. తూకం కూడా పెరుగుతుందని కొందరు చల్లుతారు, అది వేరే సంగతి. ఆ తడితోనే నిలువచేస్తే బూజుకు మనమే విత్తనం వేసినట్లు. వేయించే పప్పుకోసమైతే పొడికాయనే ఒలవండి. 40 కిలోల బస్తాకు 28 కిలోల వరకు పప్పు వస్తుంది. ముడుచుకున్నవి, రంగు మారినవి, పగిలినవి, పురుగు తొలిచినవి చేత్తో ఏరండి. ఏరినవాటిని పశువుల దాణాలో కలపకండి, విషం అక్కడా విషమే, పాలలోకి కూడా వస్తుంది.

వేయించడానికి పెద్ద యంత్రం అక్కరలేదు. ఇసుక పోసిన బాణలి చాలు. ఇసుక సమంగా కాగిన తరువాతనే పప్పు వేయాలి. గరిటె ఆపకూడదు. మధ్య మధ్య ఒక గింజ తీసి బద్దలు చేసి చూడండి. లోపల లేత గోధుమరంగు తిరగగానే దించి జల్లించి పలుచగా పరచండి. రంగు పూర్తిగా వచ్చేదాకా పొయ్యిమీద ఉంచితే దించిన తరువాత కూడా లోపలి వేడికి మాడుతుంది. పూర్తిగా చల్లారకముందు డబ్బాకు ఎత్తితే చెమ్మ పడుతుంది. వేయించిన పప్పుకు గాలి తగిలితే పాతనూనె వాసన వస్తుంది గనుక వారం పది రోజుల్లో అమ్ముడుపోయేటంత మాత్రమే వేయించుకోండి. 2020లో విడుదలైన గిర్నార్ 4, గిర్నార్ 5 రకాల నూనె తొందరగా చెడదు. వేపుడుకు అటువంటివి మేలు. విత్తనం దొరికేదీ లేనిదీ కదిరి పరిశోధనా స్థానంలో కనుక్కోండి. అమ్మే సరుకు గనుక ఆహార భద్రత శాఖలో పేరు నమోదు చేయించుకోవాలి.

చిన్నాయన కోకో పెట్టలేదు. కోపం మాత్రం కొన్నాళ్ళు పోలేదు. తరువాత ఒకనాడు చిన్నమ్మే ఫోను చేసి, "ఆ దేశంలో మిరపకాయ, ఎల్లిపాయ ఏసి ఏంచేది ఎట్లో చెప్పు నాయనా" అన్నది. చెప్పాను. మొదటి వాయి ఒకప్రక్క మాడింది, ఒకప్రక్క పచ్చిగా మిగిలింది. రెండో వాయిలో ఉప్పు ఎక్కువైంది. మూడోది కుదిరింది. ముందు ఉప్పునీళ్ళు చల్లి ఆరబెట్టి, ఆ తరువాత వేయించి, చివర నూనెలో మిరప, వెల్లుల్లి వేయించి కలపడం ఆమె సొంతంగా కనిపెట్టిన పద్ధతి. నేను చెప్పిన పద్ధతికన్న అదే బాగున్నది. ఇప్పుడు వారం సంతకు రెండు డబ్బాలు పోతున్నవి. మిగిలిన బస్తాలు మామూలుగా యార్డుకే పోతున్నవి, అది కూడా చెప్పాలి.

ఈ ఆదివారం ఆమె ఇంట్లో మళ్ళీ పొయ్యి వెలిగిస్తుంది. ఇసుక ఎంత కాగాలో కంటితో చూడదలచినవారు నాతో రావచ్చును. రాదలచిన అక్కచెల్లెళ్ళు ఒక్కొక్కరు ఒక సేరు ఏరిన పప్పు తెచ్చుకోండి. ఏరనిది తెస్తే చిన్నమ్మ పొయ్యిదాకా రానివ్వదు.